కమాను కథ: ఇరుసు బండి నుంచి పందెపు కారు దాకా

మేళ్లచెరువు శివరాత్రి అనగానే మన ప్రాంతపు పెద్దలకు రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. మొదటిది స్వయంభువుగా వెలసిన శంభులింగేశ్వరస్వామి. శివలింగం శిరస్సున ఎప్పుడూ నీరు నిలిచి ఉంటుందన్న భక్తుల విశ్వాసం. రెండవది జాతరలో జరిగే ఎడ్ల పందేలు. దర్శనం ముగించుకున్న జనం తిన్నగా వెళ్లేది ఆ బరి దగ్గరికే.

ఆ పందెం తీరు ఒకసారి నెమరు వేసుకుందాం. ఒక జత బరిలోకి దిగుతుంది, బండరాయిని లాగుతుంది. నిర్ణీత నిమిషాలలో ఎన్ని అడుగులు లాగిందో కొలిచి రాసుకుంటారు. తరువాత ఇంకొక జత దిగుతుంది. పక్కపక్కన రెండు జతలు పోటీపడవు. ప్రతి జతకూ పోటీ గడియారంతోనే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎడ్ల వయసును బట్టి విభాగాలు చేస్తారు గనుక చిన్న రైతు కోడెదూడల జత కూడా పెద్ద ఆసామి ఎడ్ల ముందు చిన్నబోదు.

ఇంత తెలిసినవారికి ఆటోక్రాస్ అనే ఆట కొత్తగా నేర్పనక్కరలేదు. మైదానంలోనో, ఖాళీగా ఉన్న పెద్ద కారు పార్కింగులోనో రబ్బరు శంకువులు నిలబెట్టి వంకర టింకర దారి ఏర్పాటు చేస్తారు. ఒక్కొక్క కారు విడిగా బయలుదేరి ఆ దారి పూర్తి చేస్తుంది. శంకువు తగిలితే కొన్ని సెకన్లు జరిమానా. తక్కువ సమయం పట్టినవాడు విజేత. కార్లకూ విభాగాలున్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నవి ఒక తరగతి, కొద్దిగా మార్చినవి మరొకటి, బాగా మార్చినవి ఇంకొకటి. ఉద్యోగాలు చేసుకునే మామూలు కుర్రవాళ్లు తమ సొంత కార్లతోనే ఆదివారం పూట ఆడే ఆట ఇది.

మన సభ్యుల పిల్లలూ మనవళ్లూ హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, అమెరికాలోనూ ఉన్నారు. వారిలో ఈ సరదా పట్టినవారు తాతగారితో అనే మాట దాదాపు ఒకటే: "కారుకు సస్పెన్షన్ మార్పించాలి, తాతయ్యా." స్ప్రింగులు మార్చాలా, షాక్ అబ్జార్బర్లు మార్చాలా, కడ్డీలు వేయించాలా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి జవాబు కావాలంటే ఈ సస్పెన్షన్ అనేది ఎక్కడ పుట్టి, ఏ దారిన మన ఊళ్లకు వచ్చిందో తెలియాలి. అందుకే ఈ చిన్న చరిత్ర.

ఇరుసు కాలం

మన రెండెడ్ల బండికి స్ప్రింగు లేదు. చక్రం, కుండ, ఆకులు, ఇనుప పట్టా, ఇరుసు, దాని మీద నేరుగా చట్రం. రాయి ఎక్కితే ఆ దెబ్బ పట్టా నుంచి ఆకులకు, ఆకుల నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి కూర్చున్నవాడి వెన్నుపూసకు ఏ అడ్డూ లేకుండా చేరేది. దీనికి మన పెద్దలు కనిపెట్టిన సస్పెన్షన్ ఏమిటంటే వరిగడ్డి. బండిలో మందంగా గడ్డి పరచి, పైన బొంతో, గోనెసంచులో వేసి, కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడపడుచును కూర్చోబెట్టి తెచ్చేవారు. గడ్డి కుదుపును కొంత మింగుతుంది కాని తిరిగి ఎగరేయదు. ఈ గుణాన్ని గుర్తుంచుకోవలసిందిగా పాఠకులకు మనవి. ముందు ముందు దీనితో పని ఉంది.

బండి మెల్లగా నడిచినంత కాలం ఇది సరిపోయింది. ఎద్దు నడక మనిషి నడకకు దగ్గరగా ఉంటుంది. ఆ వేగంలో దెబ్బ తగిలినా ప్రమాదం తక్కువ. కుదుపు ఒక సమస్యగా మారింది వేగం పెరిగాకే. ఇది మొత్తం చరిత్రకు తాళంచెవి వంటి మాట: సస్పెన్షన్ పుట్టింది సుఖం కోసమే అనుకుంటాం గాని, వేగంగా పోతున్న బండి చక్రాన్ని నేల విడువకుండా చూడడం దాని రెండవ పని. ఆ రెండవ పనే నానాటికీ పెద్దదైంది.

కమాను వచ్చింది

ఉక్కును వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. ఎంత బరువు పెడితే అంతకు తగినంత వంగుతుందన్న సూత్రాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. 1804 ప్రాంతంలో ఒబడయా ఇలియట్ అనే లండను బండ్ల తయారీదారు ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, విల్లులా వంచి, గుర్రపు బండి కింద అమర్చి పేటెంటు పొందాడు. బండ్లు తేలికయ్యాయి, వేగం పెరిగింది.

మన లారీ మెకానిక్కులు ఈ పట్టీల కట్టను నేటికీ 'కమాను' అంటారు. కమాను అంటే పారసీ భాషలో విల్లు. ఇంగ్లీషువాడు ఆకు అన్నాడు, మనవాళ్లు విల్లు అన్నారు. పని తీరును చూస్తే మన మాటే సరైనది అనిపిస్తుంది. ఊళ్లో జట్కాలకూ, టాంగాలకూ కమాన్లు వచ్చాయి. ఎడ్లబండికి మాత్రం చాలాచోట్ల రాలేదు. సరుకు మోసే బండికి సుఖం దేనికన్న ఆలోచన ఒక కారణం, ఖర్చు మరొక కారణం. దానికి దక్కింది గాలి టైరు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి నింపిన టైరు తయారు చేశాడు. ఆయన వృత్తి పశువైద్యం. పశువుల డాక్టరు చేసిన టైరు చివరకు ఎద్దు మెడకు ఊరట ఇచ్చే టైరు బండిగా మన పొలాలకు చేరడం కాకతాళీయమే అయినా ముచ్చటైన సంగతి.

టైరు కూడా ఒక స్ప్రింగే అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. కారులో నేలకు తగిలే మొదటి స్ప్రింగు అదే.

27 బస్సుల నాడు

మేళ్లచెరువు, కోదాడ, మిర్యాలగూడ అప్పట్లో నైజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ తొలినాళ్ల బస్సులు స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ కంపెనీవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బస్సుల సంఖ్య వేలకు చేరింది. కింద ఉన్నది మాత్రం దశాబ్దాల తరబడి అదే కమాను.

కమానుకు ఉన్న గొప్పదనం ఏమిటంటే అది ఒకటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసును తన స్థానంలో పట్టి ఉంచుతుంది, పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊగును కొంత అణుస్తుంది. గ్యారేజీలో పనిచేసినవారికి మెయిన్ పట్టీ విరగడం, సెంటర్ బోల్టు తెగడం, యూ బోల్టులు వదులవడం, షాకిల్ బుష్‌లు అరగడం చేతివేళ్లకు తెలిసిన సంగతులు. ఊరి రోడ్డు మీద పగలంతా తిరిగివచ్చిన బస్సు కిందికి దూరి, దీపం పట్టుకొని పట్టీలు ఒక్కొక్కటే చూసే రాత్రి డ్యూటీ మెకానిక్కు లేకుంటే తెల్లవారి మొదటి సర్వీసు లేదు.

సస్పెన్షన్ 'మెరుగుపరచడం' అనే పని కూడా మన ప్రాంతానికి కొత్తది కాదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. ధాన్యం లారీలు పెరిగాయి. తరువాత సున్నపురాయి నిక్షేపాలున్న మేళ్లచెరువు చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. బరువు ఎక్కువ వేసుకోవడానికి లారీవాళ్లు చేసిన పని, కమానుకు అదనంగా పట్టీ ఎక్కించడం. లోడుతో పోతున్నప్పుడు లారీ కుదురుగా ఉండేది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తున్నప్పుడు అదే లారీ గుంత గుంతకూ ఎగిరేది. వెనుక చక్రాలు నేల విడిచేవి, బ్రేకు వేస్తే జారేవి. డ్రైవరు నడుము సంగతి చెప్పనక్కరలేదు.

లెక్క కూడా తెలుసుకోదగ్గది. పట్టీల సంఖ్య రెండింతలైతే బిగువు రెండింతలవుతుంది. పట్టీ మందమే రెండింతలైతే బిగువు ఎనిమిదింతలవుతుంది. చుట్ట స్ప్రింగులో తీగె మందం పదోవంతు పెంచితే చాలు, బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కంటికి కనిపించని చిన్న మార్పు బండి స్వభావాన్నే మార్చేస్తుందని దీని సారాంశం. నేటి పందెపు కుర్రవాడికి మొదటి పాఠం ఆ ఖాళీ లారీయే చెబుతుంది: ఒక పనికి బిగించిన స్ప్రింగు మరొక పనికి శత్రువు.

మరచిపోయిన సగం

స్ప్రింగు దెబ్బను మింగదు. దాచుకుంటుంది. దాచుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది. అందువల్లనే ఒక గుంతకు బండి నాలుగైదుసార్లు ఊగుతుంది. ఆ ఊపును అణిచి, దాని శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపే సాధనం వేరే కావలసివచ్చింది. ఎడ్లబండిలోని గడ్డి చేసినది ఆ పనే.

20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఫ్రాన్సులో ట్రూఫో అనే ఆయన రాపిడి పళ్లేలతో ఇటువంటి పరికరం చేశాడు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ దానిని వ్యాపారంగా వ్యాప్తి చేశాడు. తరువాత రాపిడి పోయి నూనె వచ్చింది. గొట్టంలో పిస్టను, పిస్టనుకు సన్నని రంధ్రాలు, ఆ రంధ్రాల గుండా నూనె ఒత్తుకుంటూ పోవాలి. నెమ్మదిగా నొక్కితే తేలికగా పోతుంది, గట్టిగా నొక్కితే ఎదురు తిరుగుతుంది. దీనినే మనం షాక్ అబ్జార్బర్ అంటాం, మెకానిక్కులు షాకప్ అంటారు. నిజానికి ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. దెబ్బను ముందుగా తీసుకునేది టైరూ స్ప్రింగూ. షాకప్ చేసేది ఊపును అణచడం. డాంపర్ అన్న మాటే దానికి సరిపోతుంది.

ఒక కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే, పైకి లేచి కుదురుకోవాలి. మళ్లీ మళ్లీ ఊగుతుంటే డాంపరు పోయినట్టే. ఇది పైపై పరీక్ష. అయినా పాత కారు కొనేటప్పుడు పనికివస్తుంది. నూనె కారిన మరక కనిపిస్తే పరీక్ష కూడా అవసరం లేదు.

ఏ చక్రానికి ఆ చక్రం

పాత పద్ధతిలో ఎడమ చక్రం, కుడి చక్రం ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి. ఒకటి రాయి ఎక్కితే రెండవది కూడా ఒరిగేది. 1922లో ఇటలీ లాన్షియా కంపెనీ తన లాంబ్డా కారులో ముందు చక్రాలకు దేని దానికి విడి సస్పెన్షన్ అమర్చింది. 1930లలో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థలో మారిస్ ఓలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు, ముందు స్ప్రింగులు వెనుకవాటి కంటే కొంచెం మెత్తగా ఉంటే ప్రయాణం సుఖంగా ఉంటుందని ప్రయోగాలతో చూపాడు. ముందు చక్రాలు గుంతను ముందుగా కలుస్తాయి, వెనుకవి ఆలస్యంగా కలుస్తాయి. వెనుక భాగం కాస్త త్వరగా ఊగితే ముందుభాగాన్ని అందుకొని రెండూ కలిసి కుదుటపడతాయి.

ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే మరొక ఇంజనీరు స్ప్రింగునూ డాంపరునూ ఒకే నిలువు స్తంభంగా కలిపాడు. ఇది 1950లో ఇంగ్లండులో ఫోర్డు కార్లలో వచ్చింది. చవక, తక్కువ చోటు, తక్కువ భాగాలు. నేడు మన రోడ్ల మీది చిన్న కార్లలో అత్యధిక భాగం ముందు చక్రాలు ఈ స్తంభాల మీదనే నిలబడి ఉన్నాయి.

మన దేశంలోని కార్లనే వరుసగా చూస్తే ఈ చరిత్రంతా కళ్లముందు నడుస్తుంది. 1950ల చివర హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన అంబాసిడర్‌కు ముందు మెలిపడే ఉక్కు కడ్డీలు, వెనుక కమాన్లు. ఫియట్ 1100కు, దాని వారసురాలు పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమాన్లు. 1983 డిసెంబరు 14న తొలి తాళాలు అందించిన మారుతి 800కు ముందు మెక్‌ఫర్సన్ స్తంభాలు, వెనుక ఇంకా కమాన్లే. 1986లో వచ్చిన కొత్త నమూనాతో వెనుక కూడా చుట్ట స్ప్రింగులు వచ్చాయి. 2014లో అంబాసిడర్, మారుతి 800 రెండూ తయారీ ఆగిపోయాయి. బస్సులలో 2001లో దేశానికి వచ్చిన వోల్వోలతో గాలి స్ప్రింగులు జనానికి పరిచయమయ్యాయి. గరుడ సర్వీసు ఎక్కినవారు అంతకు ముందు తిరిగిన బస్సుతో పోల్చి ఆశ్చర్యపోవడానికి కారణం అదే.

జింఖానా నుంచి ఆటోక్రాస్‌కు

పందేల సంగతికి వద్దాం. ఇటువంటి కార్ల ఆటను కొన్ని దేశాలలో జింఖానా అంటారు. ఆ మాట మనదే. బంతి ఆటల ఇల్లు అనే అర్థం గల హిందుస్తానీ 'గేంద్‌ఖానా' నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. సికింద్రాబాదు జింఖానా మైదానం తెలిసిన మన సభ్యులకు, అదే పేరుతో జపానులో, ఇంగ్లండులో కార్లు గిరగిర తిరుగుతుంటాయంటే నవ్వు వస్తుంది.

అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ 1944లో ఏర్పడింది. తారు మైదానాలలో శంకువుల మధ్య జరిగే ఈ ఆటకు ఆ సంస్థ 1973 నుంచి జాతీయ స్థాయి పోటీలు నడుపుతోంది. బ్రిటనులో ఆటోక్రాస్ అంటే గడ్డినేల మీద. మన దేశంలో ఎక్కువగా మట్టినేల మీద. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. మద్రాసు దగ్గరి షోలవరం పాత విమాన పట్టీ మీద ఏళ్ల తరబడి పందేలు నడిచాయి. అఖిల భారత సమాఖ్య 1971లో వచ్చింది. 1980లో హిమాలయన్ ర్యాలీ మొదలైంది. ఆ తరువాతి దశాబ్దాలలో ర్యాలీలలో పేరుపడిన మారుతి జిప్సీకి నాలుగు చక్రాలకూ కమాన్లే. ఇక మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పందెం జరిగింది. భారతదేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. టీవీలో అది చూసిన మనవళ్ల సంఖ్య తక్కువేమీ కాదు.

ఏది ముందు, ఏది వెనుక

ఇప్పుడు అసలు ప్రశ్న. తక్కువ డబ్బుతో, ఉన్న చిన్న కారుతో ఆటోక్రాస్ ఆడదలచిన కుర్రవాడు ఏది మార్చాలి?

ముందుగా ఒక లెక్క. డ్రైవరుతో కలిపి 800 కిలోల కారు అనుకుందాం. దాని బరువు కేంద్రం నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 125 సెంటీమీటర్లు. మలుపులో పక్కకు తోసే బలం బరువులో పదింట ఎనిమిది వంతులు ఉంటే, లోపలి చక్రాల నుంచి 256 కిలోల భారం బయటి చక్రాలకు మారుతుంది. నిలకడగా ఉన్నప్పుడు చెరో 400 కిలోలు మోసే చక్రాల జతలు, మలుపులో 656, 144 కిలోలు మోస్తాయి. ఈ లెక్కలో స్ప్రింగు బిగువు అనే మాట ఎక్కడా రాలేదు. గట్టి స్ప్రింగు వేస్తే కారు ఒరగడం తగ్గుతుంది గాని, భారం మారడం తగ్గదు. ఒరుగు తగ్గితే పట్టు పెరిగినట్టే అనుకోవడం చాలామందికి ఉన్న భ్రమ.

ఇక టైరు స్వభావం. భారం రెండింతలైతే పట్టు రెండింతలు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. కనుక ఒకే టైరు మీద భారం కుప్పపడితే నష్టం. ముందు చక్రాలు నడిపే మన చిన్న కార్లలో ఇంజను బరువూ, లాగే పనీ, తిప్పే పనీ అన్నీ ముందు టైర్ల మీదనే. అందుకే మలుపులో అవి ముందుగా చేతులెత్తేసి, కారు తిరగవలసినంత తిరగక నేరుగా పోతుంది.

ఈ రెండూ తెలిస్తే వరుస దానంతట అదే ఏర్పడుతుంది.

మొదటిది, ఉన్నదానిని బాగు చేయడం. అరిగిన బుష్‌లు, వదులైన బాల్ జాయింట్లు, చచ్చిన డాంపర్లు ఉన్న కారుకు ఏ కొత్త సామాను వేసినా వృథా. పాత బస్సుకు కొత్త రంగు వేసినట్టుంటుంది.

రెండవది, టైర్లు. నేలకు తగిలేది అవే. మంచి టైరు, సరైన గాలి, చక్రాల అమరిక సరిచూసుకోవడం, ఈ మూడు చేసిన కారు ఇవేవీ చేయని ఖరీదైన కారును ఓడించగలదు. గాలి కొలిచే పరికరం ఖర్చు మిగతా అన్నిటికంటే తక్కువ.

మూడవది, డాంపర్లు. ఆటోక్రాస్ దారి అంతా వెంటవెంటనే ఎడమకూ కుడికీ తిరుగుడే. కారు ఒకవైపు ఒరిగి కుదుటపడేలోగా రెండవ వైపు తిరగాలి. ఎంత ఒరిగింది అన్నదాని కంటే ఎంత అదుపుగా, ఎంత త్వరగా ఒరిగింది అన్నదే అక్కడ లెక్క. ఆ అదుపు డాంపరు చేతిలో ఉంది. అమెరికా క్లబ్బు నిబంధనలలో మామూలు వీధి కార్ల తరగతికి స్ప్రింగులు ఫ్యాక్టరీవే ఉండాలి, డాంపర్లు మాత్రం మార్చుకోవచ్చు. అనుభవజ్ఞులు తక్కువ ఖర్చు తరగతికి పెట్టిన ఈ హద్దులోనే తెలివి ఉంది.

నాలుగవది, ఒరుగు కడ్డీ. ఎడమ కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ ఇది. నేరుగా పోతున్నప్పుడు రెండు చక్రాలూ కలిసి లేస్తే అది పనిచేయదు, మలుపులో మాత్రమే మెలిపడి ఒరుగును ఆపుతుంది. ముందు చక్రాలు నడిపే కారుకు వెనుక కాస్త గట్టి కడ్డీ వేస్తే, మలుపులో మారే భారంలో వెనుక చక్రాలు ఎక్కువ వాటా తీసుకుంటాయి, ముందు టైర్లకు ఊపిరి ఆడుతుంది, కారు బాగా తిరుగుతుంది. అతిగా వేస్తే తడి నేల మీద వెనుక భాగం ముందుకు వచ్చేస్తుంది.

చివరిది, స్ప్రింగులు. కుర్రవాళ్లు మొదట కొనేది ఇవే. కారు కిందికి దిగి అందంగా కనిపిస్తుందని ఆశ. స్ప్రింగు తన మీది బరువుకు 25 సెంటీమీటర్లు నొక్కుకుంటే కారు నిమిషానికి సుమారు 60 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు నిమిషానికి 60 నుంచి 90 ఊపుల మధ్య ఉంటాయి. అదే 120 ఊపులు కావాలంటే స్ప్రింగు నాలుగింతలు గట్టిదై ఉండాలి. అప్పుడు నొక్కుకునేది 6 సెంటీమీటర్లే. దానికి సరిపడే డాంపరు లేకుంటే కారు కప్పలా గంతులేస్తుంది. చక్రం నేల విడిచిన క్షణంలో పట్టు సున్న. పైగా మెక్‌ఫర్సన్ స్తంభం ఉన్న కారును మరీ కిందికి దించితే కింది చేతుల కోణం తిరగబడి, కొన్నిసార్లు ఒరిగే గుణం తగ్గకపోగా పెరుగుతుంది. మట్టినేల మీద ఆడే మన ఆటోక్రాస్‌కు ఎత్తూ, చక్రం కదిలే దూరమూ కావాలి. తారు మైదానం కోసం రాసిన సలహాను మట్టికి అన్వయించరాదు.

ఇక పాత స్ప్రింగును కోసి పొట్టి చేయించడం. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, పొట్టిదవుతుంది, చక్రం గుంతలో దిగినప్పుడు తన గూడు నుంచి జారిపోయే ప్రమాదమూ ఉంది. చవకని దీనికి ఒప్పుకోరాదు.

ఇంటి కారు, పందెపు కారు

మన ఇళ్లలో పందేనికి ఒక కారు, ప్రయాణానికి ఒక కారు అనే వైభవం లేదు. ఆదివారం శంకువుల మధ్య తిరిగిన కారే సోమవారం అమ్మమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. పండుగకు హైదరాబాదు నుంచి మేళ్లచెరువు రావాలి. 2012లో జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక కోదాడ దాకా ప్రయాణం సాఫీ అయింది. కాని రహదారి దిగాక ఊరి రోడ్డు, దాని మీద సిమెంటు లారీలు, స్పీడు బ్రేకర్లు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపును అన్నిటికంటే ఎక్కువగా బాధపడేది సెకనుకు 4 నుంచి 8 సార్ల వేగంతో వచ్చే అదురుకని పరిశోధకులు తేల్చారు. గట్టి స్ప్రింగులు ఆ అదురును తగ్గించకపోగా లోపలికి దాటిస్తాయి. యువకుడికి అది హుషారు. వెన్నుపూస అరిగిన డెబ్బై ఏళ్ల మనిషికి అది వారం రోజుల నొప్పి.

చట్టం సంగతి కూడా మరువరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నలలో ఇదొకటి. అరిగిన డాంపరు స్థానంలో అదే కొలతల మంచి డాంపరు వేయడం మరమ్మతు. కారు రూపమే మార్చడం వేరు. మొదటి మూడు మెట్లలో ఆగిన కుర్రవాడికి ఈ చిక్కులు దాదాపు రావు, ఇంట్లో పెద్దవాళ్ల నడుమూ బాగుంటుంది, ఆటలో సమయమూ తగ్గుతుంది. ఆ పైన కావాలంటే, సంపాదన వచ్చాక, రోడ్డెక్కని వేరే పాత కారు కొనుక్కొని దాని మీద ప్రయోగాలు చేసుకోవచ్చు.

కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి. మనవడు సస్పెన్షన్ అనగానే "ఎందుకురా ఈ పిచ్చి" అని కొట్టిపారేయకండి. గ్రాట్యుటీ డబ్బులోంచి తీసి అడిగినంతా ఇచ్చేయనూ వద్దు. "నీ టైర్లలో గాలి ఎంత? బుష్‌లు చూపించావా? డాంపర్లు ఎప్పటివి? నువ్వు ఆడేది మట్టి మీదా, తారు మీదా? నీ తరగతి నిబంధనలు ఏం చెబుతున్నాయి?" అని ఈ ఐదు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పగలిగితే వాడు ఆటను గురించి ఆలోచిస్తున్నాడన్న మాట. చెప్పలేకపోతే ఈ సంచిక వాడి చేతికివ్వండి.

శివరాత్రి బరిలో గెలిచే రైతును గమనించండి. ఆయన పందెం రోజున కాడికి వెండి తొడుగు వేయించడు. ఏడాది పొడుగునా ఎడ్ల మేత, గిట్టలు, నడక చూసుకుంటాడు. కారు విషయంలోనూ పని అంతే: ఉన్నది చక్కగా ఉంచుకోవడం, నేలను పట్టి ఉండే భాగానికి ముందు ఖర్చు చేయడం, మెరిసే భాగానికి చివర.